మొదటి కాలు చేసినవాడిది

నేను ఒక బొండకొయ్యను. అంటే ఏమిటో తెలియనివాళ్ళు అదృష్టవంతులు. తెలిసినవాళ్ళు ఈపాటికి తమ చీలమండ ఒకసారి తడుముకుని ఉంటారు.

నా నిర్మాణం చాలా సులువు. రెండు బరువైన పలకలు, ఒకదాని మీద ఒకటి. రెండు పక్కలా రెండు గుంజలు, ఆ గుంజల్లో గాడి. ఆ గాడిలో పై పలక పైకీ కిందికీ ఆడుతుంది. రెండు పలకల అంచుల్లో అర్ధచంద్రం లాంటి గాట్లు, అవి కలిస్తే బెజ్జాలు. కింది పలక మీద మనిషి కాళ్ళు పెడతాడు, పై పలక దిగుతుంది, మేకు పడుతుంది. ఇక ఆ మనిషి ఎక్కడికీ పోడు. ఎండలో కూర్చుని నా ముఖం అతనూ, అతని ముఖం నేనూ చూసుకుంటూ ఉంటాం.

ఇప్పుడు నల్లగుండ్ల కోటలో కాపురం నాది. కోటంటే ఒకప్పుడు దొర గడి, ఇప్పుడు విమోచన మ్యూజియం. మూడో గదిలో కిటికీ పక్కన పెట్టారు నన్ను. ఇటు పక్క దొర కూర్చున్న కుర్చీ, అటు పక్క ఒక నాటు తుపాకీ, ఎదురుగా గాజు పెట్టెలో వడిసెలలు. వాటన్నిటికీ ప్లాస్టిక్ తొడిగిన కాగితం ఒకటి వేలాడుతూ ఉంటుంది: ‘దయచేసి తాకవద్దు’. మొన్నటిదాకా నాకు మాత్రం ఆ కాగితం లేదు. ఎందుకంటే జనం టికెట్టు కొన్నదే నన్ను తాకడానికి! గార్డు పై పలక ఎత్తేవాడు, వచ్చినవాళ్ళు కాలు పెట్టేవాళ్ళు, నాలుక బయటపెట్టి ఫోటో దిగేవాళ్ళు. ఒకసారి ఒక కొత్త పెళ్ళికొడుకు కాలు పెడితే పెళ్ళికూతురు పగలబడి నవ్వుతూ, “ఇగ నీకు విమోచన లేదు పో!” అంది. గదిలో అందరూ నవ్వారు. తుపాకీని ముట్టుకోకూడదట, దొరగారి కుర్చీని ముట్టుకోకూడదట, నాతో మాత్రం సరసాలాడొచ్చట. సరే, కానివ్వండి.

నేను పుట్టింది ఈ కోట వెనక గుట్ట మీద, నల్లమద్ది చెట్టుగా. నన్ను నరికించింది దొర, చెక్కింది ఊరి వడ్రంగి, వడ్ల సోమలింగం. కూలి అడగకూడని పనిని వెట్టి అంటారు. కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులివ్వాలి, చాకలి బట్టలుతకాలి, వడ్లవాడు దొర చెప్పిన కొయ్యపనల్లా చేయాలి. ఎవరూ నోరెత్తకూడదు. ఎత్తిన నోళ్ళ కోసమే నన్ను చేయమన్నాడు దొర.

సోమలింగానికి ఒక జబ్బుంది. పని చెడగొట్టడం చేతకాదు. ఎవడి కాళ్ళకో సంకెలగా మారబోయే కొయ్యను కూడా పెళ్ళిపీటలా చిత్రిక పట్టాడు. బెజ్జాల అంచులు గాజుపెంకుతో గీకి గీకి నున్నగా చేశాడు. పై పలక గాడిలోకి దిగితే మధ్యలో వెంట్రుక కూడా దూరదు. చూసి చూసి అతని భార్య శంకరవ్వకు ఒళ్ళు మండింది.

“గింత మంచిగ ఎందుకు జేస్తున్నవయ్యా? మనోళ్ళ కాళ్ళిరగ్గొట్టేటిదే గద!”

“వంకరగ జేస్తె కాలు కోస్కపోతదే. నున్నగుంటె పెట్టినోనికి జర పానం సుకం” అన్నాడు అతను.

మగవాళ్ళ బెజ్జాలకు తన చీలమండే కొలత. దారం చుట్టి చూసుకున్నాడు. ఆడవాళ్ళకు కూడా ఒక జత కావాలని దొర కబురు పెడితే, శంకరవ్వ కాలికి దారం చుట్టాడు. ఆమె తిట్టుకుంటూనే కాలు చాపింది. వాళ్ళ కూతురు మానెమ్మ ఊడిన చెక్కపొట్టులో కూర్చుని, ఆ పొట్టును బంగారమని చెవులకు పెట్టుకుంటూ ఆడుకుంది. నిజం చెప్తున్నాను, ఆ నాలుగు దినాలే నా బతుకులో నన్ను ఎవరైనా ప్రేమగా ముట్టుకున్నది.

ఇక వడ్లవాళ్ళ ఆనవాయితీ ఒకటి చెప్పాలి. కొత్త బండి చేస్తే, చేసినవాడు ముందు ఎక్కి కూర్చోవాలి. కొత్త దర్వాజా నిలబెడితే, చేసినవాడు ముందు దాటాలి. మొదటి కాలు చేసినవాడిది. ఆ తర్వాతే యజమాని కొబ్బరికాయ చేతిలో పెట్టి వస్తువు తీసుకుంటాడు. ఇది పని బాగుందని చేసినవాడు ఒంటితో చెప్పే సాక్ష్యం. సోమలింగం తాత, తండ్రి అలాగే చేశారు, అతనూ ఎన్నో బండ్లకు అలాగే చేశాడు.

నన్ను గడి వాకిట్లో దించిన పొద్దున దొర అరుగు మీద నిలబడి చూస్తున్నాడు. సోమలింగం చేతులు కట్టుకుని, తనంతట తానే, నోరారా అడిగాడు.

“బాంచెను దొరా, ఆనవాయితి ఉన్నది. మొదటి కాలు నాది.”

పిచ్చివాడా! అది బండి కాదు, దర్వాజా కాదు. కానీ అలవాటు అలాంటిది. తన పని ఎంత బాగా వచ్చిందో చూపించాలన్న సంబరం ఒకటి, ఒక కొబ్బరికాయ దొరుకుతుందన్న ఆశ ఒకటి. దొర కడుపుబ్బ నవ్వాడు. “పెట్టు, పెట్టు” అన్నాడు. సోమలింగం కూర్చుని రెండు కాళ్ళూ పెట్టాడు. గడి పనులు చూసే సేరిదారు రాంకిషన్ పై పలక దించి మేకు కొట్టాడు. చప్పుడు కూడా రాకుండా దిగింది. “సూసిన్రా దొరా, ఎట్ల గూసున్నదో!” అని సోమలింగం మురిసిపోయాడు.

“వీనికి కొబ్బరికాయ ఇయ్యి” అన్నాడు దొర. సేరిదారు ఇచ్చాడు. అంతలో పట్నం నుంచి దొర బావమరిది మోటారు వచ్చింది. వేటకని పిలిచాడు. దొర అరుగు దిగి, మోటారెక్కి, నవ్వుకుంటూనే వెళ్ళిపోయాడు.

సోమలింగం కాసేపు కూర్చున్నాడు. తర్వాత అడిగాడు.

“సేరిదారూ, జర మేకు దియ్యి. ఇంటికి వోవాలె.”

“దొర వెట్టమన్నడు. తియ్యమన్లే.”

“నేనే వెట్టుకుంటి గదనయ్యా!”

“దొర ముంగట వెట్టుకున్నవ్. దొర ముంగట్నే తియ్యాలె. నా తలకాయకు తెస్తవా ఏంది?”

సోమలింగం మొదట నవ్వాడు. సేరిదారు పరాచికాలాడుతున్నాడనుకున్నాడు. నడిపొద్దుకు నవ్వు ఆగిపోయింది. వైశాఖమాసపు ఎండ. వాకిట్లో బండలు కాలి పొగలు కక్కుతున్నాయి. సాయంత్రానికి దొర రాలేదు. మర్నాడూ రాలేదు. వేట నుంచి అటే పట్నం పోయాడని, పట్నంలో ఏదో పెళ్ళి ఉందని తెలిసింది. శంకరవ్వ పటేలు కాళ్ళు పట్టుకుంది, పట్వారీ కాళ్ళు పట్టుకుంది. అందరూ అయ్యో అన్నారు, అందరూ దొర రానీయమన్నారు. మేకు ఒక్క దెబ్బకు ఊడొస్తుంది. ఆ దెబ్బ కొట్టే మగాడు ఆ ఊళ్ళో పుట్టలేదు.

అతని ఒళ్ళో కొబ్బరికాయ అలాగే ఉంది. కాళ్ళు వాచాయి. వాచిన కాళ్ళకు నా అంచులు ఎంత నున్నగా ఉన్నా ఒకటే. “మంచిగనే జేసిన” అని ఒకసారి తనలో తాను గొణుక్కున్నాడు. అది విన్నది నేనొక్కదాన్నే.

ఆఖరు రోజు శంకరవ్వను లోపలికి రానివ్వలేదు. గడి తలుపు బయట నిలబడి అరిచింది. మొగుడి పేరు నోటితో పలకని కాలం అది. పెళ్ళయిన నాటి నుంచి ఆ పేరు ఆమె నోట రాలేదు. ఆ రోజు మాత్రం “సోమలింగం! ఓ సోమలింగం!” అని కోట గోడలు పగిలేలా పిలిచింది. లోపల అతను పలకలేదు. అప్పటికే తల ఒక పక్కకు వాలిపోయింది.

పెళ్ళి భోజనాలు ముగించుకుని దొర వచ్చాడు. మోటారు దిగి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని అడిగాడు.

“వీడింక ఈడనే ఉన్నడా?”

“తమరు సెప్పలే దొరా, నీ బాంచెను” అన్నాడు సేరిదారు.

దొర అతని భుజం తట్టాడు. ఎంత నమ్మకస్తుడో చూడండి అని బావమరిదితో అన్నాడు. దొరకు సోమలింగం మీద కోపం లేదు, పగ లేదు. మరచిపోయాడు, అంతే. శవాన్ని బండిలో వేసి పంపుతూ పక్కన ఆ కొబ్బరికాయ కూడా పెట్టించాడు. ఇచ్చిన వస్తువు వెనక్కి తీసుకునే రకం కాదట!

తర్వాత కథ మీకు తెలిసిందే, మ్యూజియం గోడల నిండా రాసి ఉంది. సంఘం లేచింది, దొర పట్నం పారిపోయాడు. ఎర్రజెండాలు పట్టుకుని వచ్చినవాళ్ళు నన్ను చూసి పళ్ళు కొరికారు. నరికి పొయ్యిలో పెడతారని సంతోషించాను. పెట్టలేదు. సేరిదారు కాళ్ళు నాలో పెట్టి మేకు కొట్టారు, ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత రజాకార్లు వచ్చి సంఘపువాళ్ళను పెట్టారు. ఆపైన మిలిటరీ వచ్చింది. స్వేచ్ఛ తెచ్చామన్నారు, సంతోషం అనుకున్నాను. మరుసటి వారం మిగిలిన సంఘపువాళ్ళను పట్టుకొచ్చి నాలోనే పెట్టారు. ఎవడి నోట ఏ మాట ఉన్నా చేతికి మాత్రం నేనే దొరికాను. అందరికీ సోమలింగం పనితనం నచ్చింది. ఒక్కడూ అతని పేరు అడగలేదు.

చాలా ఏళ్ళు గొడ్లకొట్టంలో పడి ఉన్నాను. మ్యూజియం వాళ్ళు వచ్చి కడిగి, వార్నిష్ పూసి, పక్కన ఒక బోర్డు నిలబెట్టారు. దొర పేరు ఉంది దాని మీద. నాలో కాళ్ళు పెట్టి తర్వాత కాల్పుల్లో చనిపోయిన వీరుల పేర్లు ఉన్నాయి. వచ్చిన ప్రతివాడూ బిగ్గరగా చదువుతాడు కాబట్టి నాకు కంఠతా వచ్చింది. అందులో సోమలింగం లేడు.

పోయిన విమోచన దినానికి మానెమ్మ వచ్చింది. చెక్కపొట్టు చెవులకు పెట్టుకున్న పిల్ల, నడుం వంగిపోయిన ముసలమ్మ అయింది. పక్కన కూతురు భారతి, ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. మధ్యాహ్నం మంత్రి వస్తాడని కోటంతా తోరణాలు కట్టారు. నాలుగు రోజులుగా ముసురు. గదిలో చెమ్మ. నా ఒళ్ళంతా నీరు పీల్చి బిర్రబిగుసుకుని ఉంది.

మానెమ్మ నా దగ్గరికి వచ్చి కూతురితో బోర్డు చదివించుకుంది. చివరిదాకా విన్నది. మళ్ళీ చదివించుకుంది. అప్పుడు మ్యూజియం ఇన్‌చార్జి విద్యాసాగర్ దగ్గరికి వెళ్ళింది. మంచివాడే, నెమ్మదైనవాడు. ఆ రోజు మాత్రం చేతిలో ఫోను, కళ్ళు గేటు వైపు.

“సారూ, గిది జేసింది మా నాయిన. గిండ్లనే సచ్చిండు. ఆయన పేరు లేదేంది?”

“అమ్మా, అది అమరవీరుల బోర్డు. మీ నాయన ఏ దళంలో పనిచేశాడు?”

“దళం లేదు, గిళం లేదు. వడ్లోడు. ఆనవాయితికి కాలు వెట్టిండు, దొర యాది మర్శిండు.”

విద్యాసాగర్ నిజంగానే నొచ్చుకున్నాడు. “పాపం. కానీ పోరాటంలో పోలేదు కదమ్మా. మరచిపోతే పోయాడు. అలాంటి వాటికి బోర్డులో చోటు పెట్టలేదు.”

“ఒక్క పేరు సారూ. ఫోటువ లేదు, గోరీ లేదు. మా అవ్వ గూడ గా ఒక్కనాడు దప్ప పేరు వెట్టి పిల్వకపాయె. నేను, నా బిడ్డ దప్ప గా పేరు దెల్సినోళ్ళు లేరు. రాయి సారూ, నీ కాల్మొక్త.”

“చూద్దాంలే అమ్మా, పైవాళ్ళను అడుగుతా” అని అతను గేటు వైపు నడిచాడు.

మానెమ్మ తిరిగొచ్చి నన్ను తడిమింది. పెద్ద బెజ్జాలు దాటి చివరి చిన్న జత దగ్గర చెయ్యి ఆగింది. “గిది మా అవ్వ కాలు కొలత బిడ్డా” అంది భారతితో. గార్డును పలక ఎత్తమంది. అందరికీ ఎత్తినట్టే ఎత్తాడు, ఆ రోజు మాత్రం కాస్త బలంగా గుంజాల్సి వచ్చింది. ఆమె నేల మీద కూర్చుని ఒక్క కాలు పెట్టింది. బస్సులో కూర్చుని కూర్చుని కాలు కాస్త వాచింది కానీ, కొలత అదే. శంకరవ్వ కాలు మళ్ళీ వచ్చినట్టే ఉంది నాకు. గార్డు పలకను రెండు చేతులతో అదిమి దించాడు. భారతి ఫోటో తీసింది.

ఎత్తబోతే పలక రాలేదు.

గార్డు ఇద్దరు పర్యాటకులను పిలిచాడు. ముగ్గురూ లాగారు. చెమ్మకు ఉబ్బిన పలక, వెంట్రుక దూరని గాడి. సోమలింగం పని కదా, ఎందుకు వస్తుంది! నేను పగిలిపోదామని చూశాను. చెట్టుగా పుట్టినవాళ్ళకు తమంతట తాము పగలడం రాదు. రంపం తెస్తానన్నాడు ఒకతను. కింది నుంచి సుత్తితో కొడదామన్నాడు ఇంకొకతను. విద్యాసాగర్ పరుగెత్తుకొచ్చి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

“దెబ్బ కొట్టొద్దు! ఇది రక్షిత వస్తువు. డైరెక్టరుగారి అనుమతి లేకుండా చెయ్యి వేస్తే నా ఉద్యోగం పోతుంది.”

“మా అవ్వ కాలు వోతది సార్!” అంది భారతి.

“ఫోన్ చేస్తున్నానమ్మా. మీటింగులో ఉన్నారట. ఒక్క అయిదు నిమిషాలు.”

మీటింగు తర్వాత భోజనం. భోజనం తర్వాత ఎవరో వచ్చారట. ఫోను మోగుతూనే ఉంది, ఎత్తేవాళ్ళు లేరు. మానెమ్మ కాలు నల్లబడుతోంది. జనం చుట్టూ మూగి ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. ఒకావిడ మంచినీళ్ళ సీసా ఇచ్చింది, ఇంకొకావిడ ఎంత బాగా నటిస్తోందో ముసలమ్మ అంది. మంత్రి కోసం ఏర్పాటు చేసిన నాటకమనుకుంది కాబోలు! ఆముదం పోస్తే జారుతుందేమోనని భారతి కోట బయట దుకాణానికి పరుగెత్తింది. మానెమ్మ నా మీద చెయ్యి వేసి కూర్చుంది.

చివరికి డైరెక్టరు ఫోను ఎత్తాడు. స్పీకరులో అందరికీ వినిపించింది.

“ఆమె ఇంకా అక్కడే ఉందా?”

అదే మాట, అదే ఆశ్చర్యం. గొంతులో కోపం లేదు, పగ లేదు. మోటారు దిగి రుమాలు అడ్డం పెట్టుకున్న మనిషి నా కళ్ళ ముందే నిలబడ్డాడు.

“మీరు చెప్పలేదు కదా సార్” అన్నాడు విద్యాసాగర్.

“తీసేయవయ్యా. మెల్లగా. కొయ్య మీద గీత పడకూడదు.”

గీత పడకూడదని సుత్తికి మెత్తటి గుడ్డ చుట్టారు. గుడ్డ చుట్టిన సుత్తికి బలం చాలదు కాబట్టి ఎక్కువ దెబ్బలు కొట్టాల్సి వచ్చింది. ప్రతి దెబ్బా నా పలక దాటి ఆమె ఎముకకు తగిలింది. అప్పుడు మానెమ్మ “నాయినా” అంది, ఒక్కసారి. పలక లేచింది. కాలి చుట్టూ చర్మం లేచి నెత్తురు నా బెజ్జంలోకి కారింది. విద్యాసాగర్ జేబురుమాలు తీసి, ముందు నన్ను తుడిచాడు.

కింద గేటు దగ్గర సైరన్ వినిపించింది.

“లేవండమ్మా, మంత్రిగారు వచ్చేశారు!”

మానెమ్మ లేవలేదు. నెత్తురు కారుతున్న కాలు నాలోనే ఉంచుకుంది.

“పేరు వెట్టినంకనే తీస్త. నువ్వు వెట్టకుంటె మంత్రినే అడుగుత.”

విద్యాసాగర్ ముఖంలో చుక్క నెత్తురు లేదు. అటు చూశాడు, ఇటు చూశాడు. గబగబా తన గదిలోకి వెళ్ళి ఒక కాగితం తెచ్చాడు. ప్లాస్టిక్ తొడిగిన కాగితం. దారం ఉంది దానికి. నా గుంజకు తగిలించాడు.

“ఇదిగో అమ్మా. మీ నాయన పేరు. చాలా?”

దొర కుర్చీకి వేలాడేదీ, తుపాకీకి వేలాడేదీ అదే కాగితం. మానెమ్మకు చదువు రాదు. వేలితో ఒక్కొక్క అక్షరాన్నీ తడిమింది. ముఖం వెలిగిపోయింది. కాగితాన్ని కళ్ళకద్దుకుంది. అప్పుడు కాలు తీసింది.

ఆముదం సీసా పట్టుకుని భారతి రొప్పుతూ వచ్చింది.

“ఇగో బిడ్డా, తాత పేరు వెట్టిన్రు! సదువు, నేనింట.”

భారతి కాగితం చూసింది. ‘దయచేసి తాకవద్దు’. విద్యాసాగర్ వైపు చూసింది. అతను తల దించుకున్నాడు, చేతులు రెండూ దగ్గరికి వచ్చాయి, దండం పూర్తికాలేదు. తల్లి కాలు చూసింది. తల్లి ముఖం చూసింది. కొట్టేస్తుందేమో, కాగితం చింపేస్తుందేమో అనుకున్నాను. చింపవే తల్లీ అనుకున్నాను.

“వడ్ల సోమలింగం” అని చదివింది భారతి.

“మల్లొక్కసారి.”

“వడ్ల సోమలింగం.” చదువుతున్నట్టే వేలు అక్షరాల కింద జరిపింది. “గీ కొయ్య జేసినాయన. గిండ్లనే పానమిడ్సినాయన.”

“మంచిగ రాసిన్రు” అంది మానెమ్మ. కూతురి భుజం పట్టుకుని, ఈడుస్తున్న కాలితో, మంత్రి వచ్చే దారి వదిలి పక్క మెట్ల మీదుగా దిగిపోయింది. తలుపు దగ్గర ఆగి విద్యాసాగర్‌కు దండం పెట్టింది. అతను ఆ దండం తీసుకున్నాడు.

ఆ కోటలో ఆ పేరు ఎవరైనా పైకి పలకడం శంకరవ్వ తర్వాత అదే. ఇప్పుడు నన్ను ఎవరూ ముట్టుకోరు. వచ్చినవాళ్ళు నా కాగితం బిగ్గరగా చదువుకుని, చేతులు వెనక్కి తీసుకుని, పక్క గదిలోకి వెళ్ళిపోతారు.